తెరను తాకేది ఒక్కరు, ఆలోచించాల్సింది అందరూ

ఇంటరాక్టివ్ ప్యానెల్‌తో, అంటే తాకితే స్పందించే పెద్ద తెరతో, పాఠం చెప్పి చూపించే నమూనా తరగతులు ఎక్కడైనా దాదాపు ఒకే తీరున సాగుతాయి. ఉపాధ్యాయుడు తెర మీద ఒక ప్రశ్న పెడతాడు, చురుకైన విద్యార్థిని ఒకరిని పిలుస్తాడు, ఆ అమ్మాయి సరైన జవాబును వేలితో లాగి సరైన గడిలో వదులుతుంది, గడి పచ్చగా మారుతుంది, స్పీకర్లలోంచి చప్పట్లు వినిపిస్తాయి, వెనక నిలబడి చూస్తున్న పెద్దలు తృప్తిగా తల ఊపుతారు. ఆ కాసేపట్లో తెరను తాకింది ఒక్కరే. తరగతిలో నలభై మంది ఉన్నారనుకుంటే, మిగిలిన ముప్ఫై తొమ్మిది మంది ఏం చేస్తూ ఉన్నారని ఎవరూ అడగరు. వాళ్లు చూస్తూ కూర్చున్నారు. టీవీ ముందు కూర్చున్నా చూస్తూనే ఉంటారు.

గణితం చెప్పే వృత్తిలో ఉండి కొన్నేళ్లుగా ఇలాంటి తెరలతో పనిచేస్తున్నాను. ఇప్పుడు వాటిని తీసేస్తామంటే నేను ఒప్పుకోను. కొన్ని పాఠాలను అవి లేకుండా చెప్పడం నాకిప్పుడు వెలితిగా ఉంటుంది. అయినా ఆ తెరల గురించి జరిగే ప్రచారంలో ఒక మౌలికమైన పొరపాటు ఉందని నా అభిప్రాయం. విద్యార్థి వేలు గాజును తాకడాన్నే పాఠంలో పాల్గొనడంగా లెక్కిస్తున్నారు. తెర మీద ఏదైనా కదలడానికి ముందే తరగతిలో ఎంతమంది తమ సొంత జవాబుకు కట్టుబడ్డారన్నది నా దృష్టిలో అసలు కొలత. ఆ పని జరగనప్పుడు ఎంత ఖరీదైన ప్యానెలైనా వెలుతురు ఎక్కువగా ఉన్న నల్లబల్లే అవుతుంది.

ఈ అనుమానానికి ఆధారం లేకపోలేదు. లండన్ నగరంలోని మాధ్యమిక పాఠశాలల్లో ఇంగ్లీషు, గణితం, సైన్సు విభాగాలకు ప్రభుత్వ నిధులతో పెద్ద ఎత్తున ఇంటరాక్టివ్ వైట్‌బోర్డులు (నేటి ప్యానెళ్లకు ముందుతరం బోర్డులు) సమకూర్చినప్పుడు, ఆ పథకం ఫలితాలను లండన్ విశ్వవిద్యాలయానికి చెందిన ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఎడ్యుకేషన్ పరిశోధకులు పరిశీలించి 2007లో నివేదిక ఇచ్చారు. విభాగాలకు బోర్డులు పూర్తిగా అమరిన మొదటి ఏడాదిలో విద్యార్థుల ఫలితాల మీద చెప్పుకోదగ్గ ప్రభావమేమీ కనిపించలేదని అందులో తేలింది. మొదటి ఏడాదే కదా, ఉపాధ్యాయులకు చేయి తిరగడానికి సమయం పడుతుందని ఎవరైనా అంటే కాదనలేం. అయితే అదే నివేదికలోని మరొక పరిశీలనను అంత తేలిగ్గా పక్కన పెట్టలేం. చదువులో వెనకబడిన విద్యార్థుల తరగతుల్లో ఒక్కొక్కరినీ బోర్డు దగ్గరికి రప్పించి తాకించడం వల్ల మొత్తం తరగతి నడక మందగించే ప్రమాదం ఉందని పరిశోధకులు గమనించారు. బోధన సమయం ఎవరికి అందరికన్నా ఎక్కువ అవసరమో, వాళ్ల సమయమే వంతు కోసం ఎదురుచూడటంలో కరిగిపోయిందన్నమాట.

ఈ చోట నల్లబల్ల చరిత్రలోని ఒక సంగతి గుర్తు చేసుకోవడం అవసరం. అమెరికాలోని వెస్ట్ పాయింట్ సైనిక విద్యాలయంలో 1817 నుంచి 1833 వరకు అధిపతిగా ఉన్న సిల్వేనస్ థేయర్ కాలంలో స్థిరపడిన పద్ధతిలో, విద్యార్థులు పాఠాన్ని ముందే చదువుకుని వచ్చి, తరగతి గోడల పొడవునా ఉన్న బల్లల దగ్గర నిలబడి లెక్కలు చేసి, తాము చేసినదాన్ని వివరించేవారు. బల్ల అక్కడ ఉపాధ్యాయుడి ఒక్కడి సొత్తు కాదు. ఒకే సమయంలో చాలామంది చేతులకు పని పెట్టిన ఆ సుద్దముక్కతో పోలిస్తే, ఒక్కరిని పిలిచి మిగిలినవాళ్లను ప్రేక్షకులుగా మార్చే నేటి తెర వాడకం ఈ ఒక్క విషయంలో వెనకడుగే.

పాల్గొనడంలో మెట్లున్నాయన్న సంగతిని మిషెలీన్ చీ, రూత్ వైలీ అనే పరిశోధకులు 2014లో స్పష్టంగా వర్గీకరించి చూపారు. ఊరికే వినడం, చూడటం మొదటి మెట్టు. చేతితో ఏదో ఒకటి చేయడం, అంటే గీత గీయడం, నకలు రాసుకోవడం, బొమ్మను తిప్పి చూడటం రెండోది. ఇచ్చిన సమాచారంలో లేనిదాన్ని తానుగా పుట్టించడం, అంటే కారణం చెప్పడం, ఊహించడం, సొంత మాటల్లో వివరించడం మూడోది. ఇద్దరు ముగ్గురు విద్యార్థులు ఒకరి మాట మీద మరొకరు ఆలోచనను కట్టుకుంటూ పోవడం అన్నిటికన్నా పై మెట్టు. మెట్టు పెరిగేకొద్దీ నేర్చుకునేది లోతెక్కుతుందని వారి ప్రతిపాదన. ఈ లెక్కలో తెర మీది బొమ్మను లాగి గడిలో వేయడం రెండో మెట్టు దాటదు, అదీ లాగిన విద్యార్థికి మాత్రమే. కూర్చున్నవాళ్లు మొదటి మెట్టు మీదే ఉండిపోతారు. ఖర్చుపెట్టి తెచ్చిన పరికరంతో తరగతిని మూడో మెట్టుకు, నాలుగో మెట్టుకు ఎక్కించడం ఎలాగన్నదే మనం ఆలోచించాల్సిన విషయం.

నా తరగతిలోంచి ఒక పాఠాన్ని కాస్త దగ్గరగా చూపిస్తాను. జియోజీబ్రా అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో రెండు సమాంతర రేఖలు గీస్తాను. కింది రేఖ మీద త్రిభుజం భూమి ఏబీ కదలకుండా ఉంటుంది. పై రేఖ మీద శీర్షం సీ ఉంటుంది. దాన్ని ఆ రేఖ వెంబడి ఎటైనా జరపవచ్చు. వైశాల్యం, చుట్టుకొలత లెక్కించే సదుపాయం సాఫ్ట్‌వేర్‌లో ఉంది కాని ఆ రెండు అంకెలనూ మొదట దాచి ఉంచుతాను. అప్పుడు అడిగే ప్రశ్న ఒక్కటే: సీ బిందువును తెర కుడి అంచుదాకా లాగితే త్రిభుజ వైశాల్యం పెరుగుతుందా, తగ్గుతుందా, మారకుండా ఉంటుందా? ప్రతి ఒక్కరూ నోటు పుస్తకంలో జవాబు ఒక మాటలో, కారణం ఒక వాక్యంలో రాయాలి. రాసేదాకా తెర మీద ఏదీ కదలదు. రాశాక చేతులెత్తించి లెక్క చూస్తాను. త్రిభుజం ఒక పక్కకు బారుగా సాగిపోతుంది కాబట్టి వైశాల్యం పెరుగుతుందని రాసేవాళ్లు ప్రతిసారీ గణనీయంగా ఉంటారు. సన్నబడిపోతుంది కాబట్టి తగ్గుతుందనేవాళ్లూ ఉంటారు. భూమి, ఎత్తుల లబ్ధంలో సగం అన్న సూత్రం వీళ్లందరికీ కంఠతా వచ్చు. వచ్చినా కళ్లకు కనబడే పొడవు ముందు అది ఓడిపోతుంది.

పక్కవాళ్లతో రెండు నిమిషాలు వాదించుకోమన్నాక అప్పుడు శీర్షాన్ని మెల్లగా జరుపుతాను, అంకె ఇంకా దాగే ఉంటుంది. తెర అంచు చేరేసరికి త్రిభుజం సన్నటి ముక్కలా వాలిపోయి ఉంటుంది. ఆ క్షణాన వైశాల్యం అంకెను బయటపెట్టి, శీర్షాన్ని తిరిగి వెనక్కి లాగుతూ వస్తే అంకె ఉన్నచోటే ఉంటుంది. అది చూసి ఆశ్చర్యపోయేది ముందుగా తప్పు రాసినవాళ్లే, ఏమీ రాయకుండా కూర్చున్నవాళ్లకు అందులో ఆశ్చర్యపోవడానికేమీ ఉండదు. ఎత్తు మారలేదు కదా, రేఖలు సమాంతరం కదా అని ఎవరో ఒకరు అంటారు. ఆ మాట నా నోటి నుంచి రాకపోవడంలోనే పాఠం విలువ ఉంది.

అక్కడితో ఆపితే సగం పాఠమే. మరి చుట్టుకొలత ఎక్కడ అన్నిటికన్నా తక్కువగా ఉంటుందని రెండో ప్రశ్న వేస్తాను. ఇప్పుడు ఒక విద్యార్థిని తెర దగ్గరికి పిలవడంలో అర్థముంది, ఎందుకంటే కూర్చున్నవాళ్లు “ఇంకొంచెం ఎడమకు, ఆపు, వెనక్కి” అని దారి చెబుతుంటారు, జరిపే చేయి ఒకరిదైనా వెతుకులాట అందరిదీ. శీర్షం భూమి మధ్యబిందువుకు సరిగ్గా పైన ఉన్నప్పుడు, అంటే త్రిభుజం సమద్విబాహువైనప్పుడు, చుట్టుకొలత కనిష్ఠమని అంకెను చూసి కనుక్కుంటారు. ఎందుకు అన్నదానికి అంకె జవాబు చెప్పదు. బీ బిందువు ప్రతిబింబాన్ని పై రేఖకు అవతల పెడితే, సీ నుంచి బీకి ఉన్న దూరం, సీ నుంచి ఆ ప్రతిబింబానికి ఉన్న దూరం సమానమవుతాయి. ‘ఏ’ నుంచి ‘సీ’ మీదుగా ప్రతిబింబం దాకా ఉన్న దారి సరళరేఖ అయినప్పుడే అది అతి తక్కువ. ఈ నిరూపణ దగ్గరికి వచ్చేసరికి నేను ప్యానెల్‌ను వదిలి పక్కనున్న మామూలు బల్ల మీదికి వెళ్తాను. నిరూపణలో ఏ గీత ముందు, ఏ గీత తరువాత అన్న క్రమమే ముఖ్యం; చేత్తో ఒక్కొక్కటీ గీస్తూ మాట్లాడితే ఆ క్రమాన్ని పిల్లలు నా వేగంతోనే నోటు పుస్తకంలో పట్టుకోగలుగుతారు. స్లైడు మీద అంతా ఒక్కసారిగా ప్రత్యక్షమైతే ఆ అవకాశం పోతుంది.

నల్లబల్ల మీద నేను ఒకే భూమి మీద మూడు నాలుగు త్రిభుజాలు గీయగలను, వాటి మధ్య ఉన్న అసంఖ్యాకమైన త్రిభుజాలను గీయలేను. నిరంతరంగా మారే దాన్ని మారుతుండగానే చూపించడం, అవసరమైన చోట ఆపి వెనక్కి తేవడం తెరకు మాత్రమే సాధ్యమైన పని. విద్యుత్ వలయంలో బల్బులు పెంచుతూ పోతే వెలుగుకు ఏమవుతుంది, లోలకం తాడు పొడవు రెట్టింపు చేస్తే ఊగే సమయం రెట్టింపవుతుందా వంటి ప్రశ్నలకు కొలరాడో విశ్వవిద్యాలయంలో కార్ల్ వీమన్ 2002లో ప్రారంభించిన ఫెట్ అనే కంప్యూటర్ అనుకరణలు ఇదే విధంగా పనికొస్తాయి. అందువల్ల పాఠం తయారు చేసుకునేటప్పుడు ఇందులో మారేదేమిటని ముందుగా వెతుకుతాను. మారేది ఏదీ లేని పాఠమైతే ఆ గంట ప్యానెల్ ఆపేసే ఉంటుంది. ఆపేసిన ప్యానెల్‌ను చూసి పర్యవేక్షణకు వచ్చినవాళ్లు ముఖం చిట్లించడం మామూలే.

ఊహ ముందు, కదలిక తరువాత అన్న ఈ క్రమాన్ని చెడగొట్టేది ఎక్కువగా ఉపాధ్యాయుడి తొందరే. ప్రశ్న అడిగాక ఉపాధ్యాయులు జవాబు కోసం సగటున ఒక సెకను మాత్రమే ఆగుతున్నారని, దాన్ని మూడు సెకన్లకు పైగా పెంచితే జవాబులు పొడవవుతాయని, మామూలుగా నోరు విప్పని విద్యార్థులు కూడా మాట్లాడతారని విద్యా పరిశోధకురాలు మేరీ బడ్ రో 1970లలో చూపింది. తెర ఈ తొందరను ఇంకా పెంచుతుంది. వేలి దూరంలో జవాబు సిద్ధంగా ఉన్నప్పుడు ఆగడం కష్టం, పైగా తెర మీద ఏమీ కదలకుండా అర నిమిషం గడిస్తే ఏదో పాడైందేమోనన్న ఇబ్బంది చెప్పేవాళ్లకే కలుగుతుంది. ఆ ఇబ్బందిని ఓర్చుకోవడాన్ని శిక్షణ తరగతుల్లో ఎవరూ నేర్పరు. పెన్ను రంగు మార్చడం మాత్రం తప్పకుండా నేర్పుతారు.

అందరి జవాబులూ ఒకేసారి తెలుసుకోవడానికి కూడా పెద్ద హంగేమీ అక్కర్లేదు. హార్వర్డ్‌లో భౌతికశాస్త్రం బోధించే ఎరిక్ మజూర్ 1990ల ఆరంభంలో మొదలుపెట్టిన పద్ధతిలో, విద్యార్థులు ఒక ప్రశ్నకు ముందు ఎవరికి వారు జవాబిస్తారు, తరువాత పక్కవారితో చర్చిస్తారు, మళ్లీ జవాబిస్తారు. ఈ పద్ధతిలో రిమోట్ వంటి మీటలు వాడినా, అట్టముక్కల మీద అక్షరాలు రాసి పైకెత్తినా విద్యార్థుల అవగాహనలో తేడా రాలేదని నథానియేల్ లాస్రీ 2008లో ప్రచురించిన అధ్యయనం చెబుతుంది. పిల్లల చేతుల్లో అచ్చువేసిన కార్డులు పెట్టి, ఉపాధ్యాయుడు ఒక్క ఫోను కెమెరాతో వాటన్నిటినీ చదివించి, ఫలితాన్ని తెర మీద చూపే ప్లిక్కర్స్ వంటి ఏర్పాట్లు ఈ రెండింటికీ మధ్యేమార్గం. తెర ఇక్కడ తరగతి ఆలోచనను తరగతికే చూపించే పని చేస్తుంది. సగం మంది ఒకవైపు, సగం మంది మరోవైపు ఉన్నారని తెలిసిన క్షణాన గదిలో పుట్టే వాదన మరే యానిమేషన్‌తోనూ పుట్టదు.

ప్రచార పత్రాల్లో అడుగున చిన్న అక్షరాల్లో ఉండే ఒక సదుపాయం నా అనుభవంలో అన్నిటికన్నా విలువైనది: నిన్నటి బల్లను ఇవాళ తిరిగి తెరవగలగడం. నల్లబల్ల మీద రాసింది గంట మోగగానే తుడిచేయాల్సిందే, తరువాతి ఉపాధ్యాయుడు గుమ్మంలో నిలబడి ఉంటాడు. ప్యానెల్ మీద రాసిన పేజీ అలాగే ఉంటుంది. విద్యార్థి నోటు పుస్తకంలోని లెక్కను ఫోనుతో ఫొటో తీసి, పేరు కనబడకుండా తెర మీద పెట్టి, తప్పు ఏ పంక్తిలో మొదలైందో కనుక్కోమంటే తరగతి మొత్తం ఆ పంక్తుల మీద వంగుతుంది. లంబకోణ త్రిభుజంలో కర్ణం కనుక్కునే లెక్కలో మొదటి రెండు పంక్తులు సరిగ్గా రాసి, మూడో పంక్తిలో వర్గమూలం కింద ఉన్న 9 + 16ను విడదీసి 3 + 4 = 7 అని తేల్చడం నేను తరచుగా చూసే తప్పు. ఆ పేజీ మీద ఒకరు ఎర్రగీత గీస్తారు. రెండు భుజాల మొత్తం 7 కాబట్టి అడ్డదారి కూడా 7 ఎలా అవుతుంది, తక్కువ ఉండాలి కదా అని మరొకరు అడుగుతారు. వారం తరువాత ఇలాంటి సందర్భమే మరోచోట వచ్చినప్పుడు పాత పేజీని, ఆ ఎర్రగీతతో సహా, తెరుస్తాను. తమ తరగతిలోనే పుట్టిన తప్పు, తమవాళ్లే పట్టుకున్న తప్పు కాబట్టి అది వాళ్ల మనసులో నిలుస్తుంది. కొనుక్కున్న పాఠ్య వీడియోల్లో ఇది దొరకదు.

పిల్లలకు ఉత్సాహం ఉంటుంది కదా, అది చాలదా అని సహోపాధ్యాయులు అడుగుతుంటారు. ఉత్సాహం నిజమే, కొత్తదనం ఉన్నన్నాళ్లూ ఉంటుంది. పాఠానికి సంబంధం లేని ఆకర్షణలు, అంటే సంగీతం, గెంతే బొమ్మలు, మెరిసే నక్షత్రాలు, అసలు విషయం మీద దృష్టిని తగ్గించి అవగాహనకు హాని చేస్తాయని మనోవిజ్ఞాన పరిశోధకుడు రిచర్డ్ మేయర్ బృందం చేసిన ప్రయోగాలు పదేపదే చూపాయి. నా మటుకు నేను చప్పట్ల శబ్దాన్ని శాశ్వతంగా ఆపేశాను. మరోవైపు, చూపు తక్కువగా ఉన్న విద్యార్థి కోసం సమీకరణాన్ని తెర నిండా పెద్దది చేయగలగడం, వినికిడి సమస్య ఉన్నవారి కోసం వీడియో కింద మాటలు రప్పించగలగడం అలంకారాలు కావు. ఆ ఒక్కరిద్దరికి అవి పాఠం అందడానికీ అందకపోవడానికీ మధ్య ఉన్న తేడా.

పరికరం పనితీరు గురించి కూడా కొంత తెలిసి ఉంటే మంచిది, ఎందుకంటే తరగతి పట్టు తప్పేది ఎక్కువగా అక్కడే. కెనడాలోని కాల్గరీకి చెందిన స్మార్ట్ టెక్నాలజీస్ 1991లో తొలి స్మార్ట్ బోర్డును తెచ్చిన తరువాత చాలాకాలం ఈ బోర్డులు ప్రొజెక్టర్ వెలుగు మీద ఆధారపడ్డాయి. రాసేవారి నీడ అక్షరాల మీద పడేది, ప్రొజెక్టర్ కాస్త కదిలినా వేలు ఒకచోట పెడితే గీత మరోచోట పడేది, మళ్లీ క్యాలిబ్రేషన్ చేయాల్సి, అంటే ఆ రెండు చోట్లూ ఒకటయ్యేలా సరిచేయాల్సి, వచ్చేది. ఇప్పటి ప్యానెళ్లలో ఆ బాధ లేదు. వీటిలో చాలా వాటికి తెర అంచు చట్రంలో కంటికి కనబడని పరారుణ కిరణాల వల ఉంటుంది, వేలు ఆ కిరణాలను అడ్డుకున్న చోటును బట్టి ప్యానెల్ స్పర్శను గుర్తిస్తుంది. అందుకే రాస్తున్నప్పుడు చొక్కా చేతి అంచు తెరకు ఆనితే అదీ స్పర్శే అవుతుంది, చట్రంలో దుమ్ము పేరుకుంటే ఎవరూ తాకకుండానే గీతలు పడతాయి. మెత్తటి పొడిగుడ్డతో చట్రం తుడిస్తే పోయే సమస్యకు మెకానిక్ కోసం వారాల తరబడి ఎదురుచూసిన సందర్భాలు నాకు తెలుసు. వీటన్నిటికన్నా సామాన్యమైన ఇబ్బంది మరొకటి ఉంది. తెర అడుగుభాగం వెనక బెంచీలవాళ్లకు ముందువాళ్ల తలల చాటున పోతుంది. కిటికీకి ఎదురుగా బిగించిన తెర మీద మధ్యాహ్నం పూట కిటికీ ప్రతిబింబం తప్ప మరేమీ కనబడదు. తెర ఎన్ని అంగుళాలని అడిగేవాళ్లు దాన్ని ఏ గోడకు, ఎంత ఎత్తున బిగించాలో కూడా అంతే శ్రద్ధతో ఆలోచించాలి.

కొనుగోలు నిర్ణయం సాధారణంగా తరగతికి దూరంగా జరుగుతుంది, శిక్షణ ఒక పూటతో ముగుస్తుంది. విద్యా సాంకేతిక ఉత్పత్తులు సగటున 36 నెలలకోసారి మారిపోతున్నాయని యునెస్కో 2023 నాటి ప్రపంచ విద్యా పర్యవేక్షణ నివేదిక పేర్కొంది. ఒక ఉపాధ్యాయురాలు సాయంత్రాలు కూర్చుని తయారుచేసుకున్న పాఠాలు ఒక సంస్థ సాఫ్ట్‌వేర్‌లో మాత్రమే తెరుచుకునే ఫైళ్లయితే, ప్యానెల్ మారిన రోజున ఆ శ్రమంతా వృథా. అందుకే పేజీలను పీడీఎఫ్‌గా కూడా దాచుకోమని, కదిలే బొమ్మలకు ఏ ప్యానెల్ మీదైనా బ్రౌజర్‌లో నడిచే ఉచిత సాధనాలను వాడమని నాతో పనిచేసేవాళ్లకు చెబుతుంటాను. శిక్షణ కూడా పరికరాన్ని బట్టి కాకుండా పాఠ్యవిషయాన్ని బట్టి ఉండాలి. ఒకే తరగతికి గణితం చెప్పే నలుగురు కూర్చుని, ఈ నెల పాఠాల్లో మారేదేమిటి, దాన్ని కదిలించే ముందు పిల్లలను అడగాల్సిన ప్రశ్న ఏమిటి అని మాట్లాడుకునే గంట, మెనూలోని నలభై బొత్తాలను వివరించే పూటకన్నా ఎన్నో రెట్లు మేలు.

ఇక కొనబోయేవారికి ఒక సూచన. నమూనా చూపించడానికి కంపెనీ మనిషి వచ్చినప్పుడు ముందు వరుసలో కూర్చోకండి, చివరి బెంచీలో, కిటికీ పక్కన, మధ్యాహ్నం పూట కూర్చోండి. ఇంటర్నెట్ ఆపేసి, ముందు రోజు రాసి దాచిన పేజీని తెరవమనండి. అది తెరుచుకునేలోగా ఎంతసేపు గడిచిందో, అంతసేపూ గదిలో పిల్లలుంటే ఏం చేస్తుండేవారో చూడండి. ఆ పేజీని మీ పెన్‌డ్రైవ్‌లో వేసుకుని ఇంట్లో కంప్యూటర్‌లో తెరవగలరా అని అడగండి. ఆ తరువాత, చప్పట్ల శబ్దం ఎక్కడ ఆపాలో చూపించమనండి.